గంజాయి పరిశోధన వెనక మనుషులు: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల గంజాయి మొక్క నుంచి వచ్చిన మందుల గురించి ఈ శీర్షికలో అర పేజీ రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే ఈసారి పేజీలన్నీ దానికే ఇవ్వక తప్పదనిపించింది. కొందరు చరిత్ర అడిగారు, కొందరు కోప్పడ్డారు, ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకుని అడిగినవాళ్ళు ఎక్కువమంది. చాలా ఏళ్ళు ఫార్మకాలజీ పాఠాలు చెప్పిన అనుభవంతో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: గంజాయిని మందుగా పరీక్షించిన మొదటి డాక్టరు ఎవరండీ? అంతకుముందు వైద్యంలో వాడేవారు కాదా?

వాడేవారు, శతాబ్దాలుగా వాడారు. విలియం బ్రూక్ ఓషానసీ అనే ఐరిష్ డాక్టరు చేసిందల్లా జనం వాడుతున్నదాన్ని కొలిచి, పరీక్షించి, కాగితం మీద పెట్టడం. అంత పద్ధతిగా అంతకుముందు ఎవరూ చేయలేదు. ఈయన ఇరవై రెండేళ్ళ వయసులోనే కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, ఒంట్లోంచి పోయిన నీళ్ళూ లవణాలూ తిరిగి ఎక్కించాలని చెప్పినవాడు, ఇవాళ్టి సెలైన్ వైద్యానికి పునాది అక్కడే పడింది. తర్వాత కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యాడు. అక్కడ హకీములూ, మధుసూదన్ గుప్తా లాంటి పండితులూ గంజాయి గురించి ఏం చెబుతారో ముందు కూర్చుని విన్నాడు, పాత గ్రంథాల్లో ఏముందో తెలుసుకున్నాడు, ఆ తర్వాతే జంతువుల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. చేపలు, కుక్కలు, పందులు, రాబందులు, కాకులు త్వరగా మత్తెక్కిపోయాయి, గుర్రాలకూ మేకలకూ ఆవులకూ పెద్దగా ఏమీ కాలేదు.

1839లో ఆయన సమర్పించిన పత్రంలో కీళ్ళవాతం, కలరా, ధనుర్వాతం, పిచ్చికుక్క కాటు, పసిపిల్లల ఫిట్స్ అన్నీ ఉన్నాయి. ఆయన రాసిన కేసుల్లో నలభై రోజుల పసిపాపకి ఫిట్స్ ఆగిన కేసు ఒకటుంది, అది గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ దాని దగ్గరికి వస్తాం. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది మాత్రం వేరే కేసు చదివాక. కీళ్ళవాతం రోగి ఒకతను మందు మింగిన కొన్ని గంటలకు బొమ్మలా బిగుసుకుపోయాడు, చెయ్యి ఎత్తి వదిలితే ఎత్తినచోటే ఉండిపోయింది. తన మందు వల్లే అలా అయిందని ఓషానసీ దాచకుండా రాసుకున్నాడు. కుక్కకాటు రోగి బతకలేదు. చివరి రోజుల్లో బాధ తగ్గిందని రాశాడే తప్ప నయం చేశానని ఎక్కడా అనలేదు.

ఆయన ఇంగ్లండు తీసుకెళ్ళిన సరుకుతో లండన్‌లో పీటర్ స్క్వైర్ అనే మందుల తయారీదారు ఎక్స్‌ట్రాక్ట్ తయారుచేశాడు, అలా పాశ్చాత్య వైద్యంలోకి వచ్చింది. ఆ శతాబ్దం చివరికి వాడకం తగ్గిపోయింది. దానికి చట్టం కారణం కాదు. ఈ మందు నీళ్ళలో కరగదు, కాబట్టి సూది ద్వారా ఎక్కించలేరు, ఇంజెక్షన్ సూదులొచ్చాక డాక్టర్లు మార్ఫిన్ వైపు వెళ్ళిపోయారు. పైగా ఒక సీసాలో ఉన్నంత బలం ఇంకో సీసాలో ఉండేది కాదు.

ప్రశ్న: విక్టోరియా రాణి నెలసరి నొప్పికి గంజాయి వాడిందట కదా?

ఆధారం లేదు. ఆమె వైద్యుల్లో ఒకరైన జాన్ రసెల్ రేనాల్డ్స్ 1890లో లాన్సెట్ పత్రికలో ఈ మందుని మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు, అంతవరకే నిజం. మిగతాది తర్వాతివాళ్ళు అల్లుకున్నది.

ప్రశ్న: బ్రిటిష్‌వాళ్ళ కాలంలోనే గంజాయి మీద పెద్ద కమిషన్ వేశారని విన్నాను. పన్నుల ఆదాయం కోసం అనుకూలంగా రాయించుకున్నారంటారు. మీరేమంటారు?

1893–94 నాటి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ గురించి అడుగుతున్నారు. సర్కారుకి ఆదాయం మీద ఆసక్తి ఉన్న మాట నిజమే, ఆ అనుమానం తప్పు కాదు. కానీ వాళ్ళు చేసిన పని చూడండి. ఏడుగురు సభ్యులు, అందులో ముగ్గురు భారతీయులు, 1,193 మంది సాక్షులు, ఏడు సంపుటాల నివేదిక. నాకు ఇందులో ముఖ్యమైనది పిచ్చాసుపత్రుల కథ. గంజాయి వల్ల పిచ్చెక్కుతుందనడానికి అప్పట్లో అందరూ చూపించింది ఆ ఆసుపత్రుల లెక్కలే. కమిషన్ 1892లో చేరిన 1,344 మంది రికార్డులు తీయించింది. 222 మందికి గంజాయి, భంగు, చరస్ కారణమని రాసి ఉంది. ఒక్కో కేసూ వెనక్కి వెళ్ళి విచారిస్తే 98 మాత్రమే నిలబడ్డాయి, అందులోనూ ఇంకో కారణం కలవనివి 61. మిగతావాటిలో చాలాచోట్ల రోగిని తెచ్చిన పోలీసు కారణం గడిలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి గంజాయి అని రాసేశాడు, ఆసుపత్రివాళ్ళు దాన్నే ఎక్కించుకున్నారు.

మితంగా వాడితే పెద్ద హాని కనిపించలేదనీ, అతిగా వాడితే హాని ఉందనీ, పూర్తి నిషేధం కన్నా అదుపూ పన్నూ మేలనీ తేల్చారు. ఆ 61 మందిని కూడా వాళ్ళు కొట్టిపారేయలేదు. ఈ చివరి మాట ఇవాళ ఆ నివేదికని ఎత్తిచూపేవాళ్ళు తరచుగా వదిలేస్తారు.

ప్రశ్న: అమెరికాలో ఆన్స్‌లింగర్ అనే ఒక్క అధికారి వల్ల, నైలాన్ కంపెనీల కుట్ర వల్ల ప్రపంచమంతా నిషేధం వచ్చిందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

హ్యారీ ఆన్స్‌లింగర్ 1930 నుంచి 1962 దాకా అక్కడి ఫెడరల్ నార్కోటిక్స్ బ్యూరోకి అధిపతి. హత్యల కథలు, జాతి ద్వేషం కలిపి భయం పెంచాడు, 1937 నాటి మారిహువానా పన్ను చట్టం వెనక ఉన్నాడు, ఇదంతా రికార్డులో ఉన్నదే. గంజాయి నార తమకు పోటీ అవుతుందని నైలాన్ కంపెనీలు కుట్ర చేశాయన్నదానికి మాత్రం గట్టి రుజువు ఎవరూ చూపలేదు. దాన్ని బాగా ప్రచారం చేసింది అమెరికాలో గంజాయి ఉద్యమకారుడు జాక్ హెరర్. జనుములాగే నారనిచ్చే మొక్కగా గంజాయికి ఉన్న ఉపయోగాలని జనానికి గుర్తుచేసిన మనిషిగా ఆయనకి గౌరవం ఇస్తాను, కానీ ఆయన చెప్పినవన్నీ చరిత్ర అని నమ్మకండి.

ఆ కథలో అసలు గుర్తుంచుకోవలసిన పేరు విలియం వుడ్‌వర్డ్. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తరఫున 1937లో అమెరికా చట్టసభ కమిటీ ముందుకు ఒక్కడూ వెళ్ళి, ఈ బిల్లుకి మీరు చూపిస్తున్నవి పత్రికల కథలు, నేరుగా సాక్ష్యం చెప్పగలిగిన జైళ్ళవాళ్ళనీ పిల్లల సంక్షేమశాఖవాళ్ళనీ ఎందుకు పిలవలేదు అని నిలదీశాడు. మారిహువానా అనే పేరు పెట్టడంతో, ఇది తాము రాసే కానబిస్ మందేనని డాక్టర్లకు తెలియనే లేదని కూడా చెప్పాడు. ఆయన్ని విసుక్కుని పంపేశారు. తర్వాత సభలో ఒక సభ్యుడు డాక్టర్ల సంఘం ఏమంటోందని అడిగితే, కమిటీ సభ్యుడు లేచి వాళ్ళు నూటికి నూరుపాళ్ళు సమర్థిస్తున్నారని చెప్పాడు. అబద్ధం. చట్టం పాసైపోయింది. న్యూయార్క్ మేయర్ లా గార్డియా వేయించిన వైద్యుల కమిటీ 1944లో ఈ భయాలు చాలావరకు ఆధారం లేనివని రాసినా అప్పటికి వినేవాళ్ళు లేరు.

ప్రశ్న: ఒక శాస్త్రవేత్త పోలీసుల దగ్గర హషీష్ తీసుకుని బస్సులో వెళ్ళాడంటారు. ఇది కల్పితమా?

నిజమే. ఆయనే చాలాసార్లు చెప్పాడు. రాఫెల్ మెకూలమ్, 1930లో బల్గేరియాలో పుట్టి 1949లో ఇజ్రాయెల్ చేరిన కెమిస్టు. మార్ఫిన్‌ని నల్లమందు నుంచి పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే వేరుచేశారు, కోకా ఆకుల నుంచి కొకైన్‌ని అదే శతాబ్దంలో తీశారు, గంజాయిలో మత్తెక్కించేది ఏమిటో మాత్రం 1960ల దాకా సరిగ్గా తెలియదు, ఇదేమిటని ఆశ్చర్యపడ్డాడు. పోలీసులు పట్టుకున్న లెబనాన్ హషీష్ అయిదు కిలోలు ఇప్పించుకుని బస్సెక్కితే చుట్టూ ఉన్నవాళ్ళు ఏమిటీ వాసన అని చూశారట. తీరా చూస్తే సరైన అనుమతి ఆయనా తీసుకోలేదు, పోలీసులూ అడగలేదు, తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

1963లో సీబీడీ అనే, గంజాయిలో ఉండే మత్తెక్కించని పదార్థం అణు నిర్మాణం తేల్చాడు. ఆ పదార్థాన్ని 1940లోనే ఇలినాయ్‌లో రోజర్ ఆడమ్స్ వేరుచేశాడు, కానీ నిర్మాణం పూర్తిగా తెలియలేదు. 1964లో యెహియేల్ గవోనీతో కలిసి, మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీని శుద్ధంగా తీసి దాని నిర్మాణం చెప్పాడు. అప్పటి నుంచి లెక్కగా మోతాదు ఇచ్చి పరీక్షించడం కుదిరింది. ఓషానసీ మందుకున్న జబ్బు, సీసాకో బలం ఉండటం, అప్పటికి గాని తీరలేదు.

తర్వాతి ప్రశ్న, ఇది మెదడులో ఎక్కడ పనిచేస్తోంది? 1988లో సెయింట్ లూయిస్‌లో ఆలిన్ హౌలెట్, ఆమె విద్యార్థి విలియం డివేన్ మెదడులో దీనికి ప్రత్యేకంగా గ్రాహకం, అంటే రిసెప్టర్, ఉందని చూపించారు. హౌలెట్ పేరు మెకూలమ్ పేరంత వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది. తాళం ఉందంటే ఒంట్లోనే దానికో తాళంచెవి ఉండి తీరాలి కదా. డివేన్ మెకూలమ్ దగ్గరికి వెళ్ళాడు, లూమీర్ హనూష్ తోడయ్యాడు, పంది మెదళ్ళ నుంచి ఎంతో శ్రమపడి రవ్వంత పదార్థం తీసి 1992లో ప్రకటించారు. దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు, సంస్కృతంలోని ఆనందమే అది. నొప్పి, ఆకలి, జ్ఞాపకం, భయం ఇన్నిటిలో చెయ్యి ఉన్న ఒక వ్యవస్థ మనందరి ఒంట్లో ఉందని ఆ పని వల్లే తెలిసింది. మెకూలమ్ 2023 మార్చిలో పోయాడు.

ప్రశ్న: పేరున్న డాక్టరెవరైనా తన అభిప్రాయం మార్చుకున్నారా? లేక సమర్థించేవాళ్ళంతా మొదటి నుంచీ అదే మాట అంటున్నారా?

హార్వర్డ్‌లో సైకియాట్రిస్టు లెస్టర్ గ్రిన్‌స్పూన్. 1967లో ఈ పొగ ఎంత ప్రమాదమో యువతకి చెప్పాలని పరిశోధన మొదలుపెట్టాడు. లైబ్రరీలో కూర్చుని చదువుతుంటే తనకు తెలుసనుకున్నదానికి ఆధారాలు లేవని అర్థమైంది. 1971లో ఆయన పుస్తకం నిషేధాన్ని ప్రశ్నిస్తూ వచ్చింది. అందులో మిస్టర్ ఎక్స్ అనే పేరుతో తన అనుభవం రాసింది ఆయన మిత్రుడు, ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్.

ఆ తర్వాత ఆయన ఇంట్లోనే పరీక్ష వచ్చింది. కొడుకు డ్యానీకి బ్లడ్ క్యాన్సర్. కీమో రోజున వాంతులతో పిల్లాడు అల్లాడిపోయేవాడు. చట్టవిరుద్ధం కాబట్టి గ్రిన్‌స్పూన్ వద్దన్నాడు, భార్య బెట్సీ వినలేదు, తనే సంపాదించి కీమోకి ముందు పిల్లాడి చేత తాగించింది. ఆ రోజు వాంతులు లేవు, దారిలో శాండ్‌విచ్ తిందామా అని అడిగాడట. డ్యానీ 1973లో చనిపోయాడు. జబ్బు నయం కాలేదు, మిగిలిన రోజుల్లో తిండి తినగలిగాడు. కీమో వాంతులకి టీహెచ్‌సీ మాత్ర, డ్రొనాబినాల్, అమెరికాలో అనుమతి పొందింది 1985లో. గ్రిన్‌స్పూన్‌కి హార్వర్డ్ పూర్తి ప్రొఫెసర్ హోదా చివరిదాకా ఇవ్వలేదు.

ప్రశ్న: మా నాన్నగారికి నీటికాసులు. గంజాయి కంటిలో ఒత్తిడి తగ్గిస్తుందని అమెరికాలో కోర్టే ఒప్పుకుందని చదివాను. వాడొచ్చా?

వాడొద్దండి. చుక్కల మందు ఒక్క పూట కూడా ఆపొద్దు. మీరు చదివిన కేసు నిజమే, రాబర్ట్ రాండల్ అనే యువకుడిది. కొన్నేళ్ళలో చూపు పోతుందని డాక్టర్లు చెప్పారు, గంజాయి తాగినప్పుడు దీపాల చుట్టూ కనిపించే వలయాలు పోతున్నాయని అతనే గమనించాడు, ఇంట్లో మొక్కలు పెంచి 1975లో అరెస్టయ్యాడు. లాస్ ఏంజెలిస్‌లో రాబర్ట్ హెప్లర్ దగ్గర పరీక్షలు చేయించుకుని, మిగతా మందులతో తగ్గనిది దీంతో తగ్గుతోందని నిరూపించి 1976లో గెలిచాడు. ప్రభుత్వమే మిసిసిపీ విశ్వవిద్యాలయం పొలంలో పెంచిన గంజాయిని అతనికి ఇచ్చింది. 2001లో చనిపోయేదాకా చూపు నిలిచింది.

కానీ అది అప్పటి మందుల కాలం. గంజాయి వల్ల ఒత్తిడి తగ్గేది మూడు నాలుగు గంటలే, మీ నాన్నగారి కంటికి ఇరవై నాలుగు గంటలూ తగ్గి ఉండాలి. అంటే రాత్రీ పగలూ మత్తులో ఉండాలన్నమాట. పైగా బీపీ పడిపోతే కంటి నరానికి రక్తం తగ్గుతుంది. సీబీడీ అయితే ఒత్తిడి పెంచవచ్చనే సూచనలు కూడా ఉన్నాయి. ఇప్పుడున్న చుక్కలు, లేజర్, ఆపరేషన్ దీనికన్నా ఎంతో నయం.

ప్రశ్న: ఉద్యమకారుల్లో మీకు నచ్చిన వాళ్ళెవరు?

మేరీ రాత్‌బన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో వెయిట్రెస్‌గా బతికిన మామూలు మనిషి. రోడ్డు ప్రమాదంలో ఒక్కగానొక్క కూతుర్ని పోగొట్టుకుంది. ఎయిడ్స్‌కి మందే లేని రోజుల్లో, ఒళ్ళు కరిగిపోతూ ముద్ద దిగని కుర్రాళ్ళకి గంజాయి కలిపిన బ్రౌనీలు చేసి ఉచితంగా పంచింది, వాళ్ళని నా పిల్లలు అనేది. 1981లో మొదటిసారి అరెస్టయితే 500 గంటల సమాజసేవ శిక్ష వేశారు, ఆ సేవా రోగుల దగ్గరే చేసింది. 1992లో మళ్ళీ పట్టుకున్నారు. ఆమె మిత్రుడు డెన్నిస్ పెరాన్, 1990లో తన సహచరుడు జోనథన్ వెస్ట్ ఎయిడ్స్‌తో పోయాక రోగుల కోసం క్లబ్బు పెట్టి, 1996లో కాలిఫోర్నియాలో ప్రొపొజిషన్ 215 అనే ప్రతిపాదనని ప్రజల ఓటుతో గెలిపించాడు. అమెరికాలో వైద్య గంజాయిని అనుమతించిన మొదటి పెద్ద రాష్ట్ర చట్టం అదే.

శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ డొనాల్డ్ ఏబ్రమ్స్ ఇవన్నీ చూసి, సరే, పరీక్షిద్దాం అన్నాడు. అనుమతికి ఏళ్ళు పట్టింది, 1997లో గాని రాలేదు. 2007లో ఆయన ప్రచురించిన అధ్యయనంలో హెచ్ఐవీ వల్ల నరాల నొప్పి ఉన్న 50 మంది ఉన్నారు. గంజాయి తాగినవాళ్ళలో 52 శాతం మందికి నొప్పి 30 శాతానికి పైగా తగ్గింది, ఉత్తుత్తి సిగరెట్ తాగినవాళ్ళలో 24 శాతం మందికి. మేరీ వంటింట్లో కళ్ళారా చూసినదానికి ఇలాంటి లెక్క ఒకటి తోడు కావాలి. ఆమె లేకపోతే లెక్క తీయాలని ఎవరికీ తోచేది కూడా కాదు.

ప్రశ్న: సీబీడీ నూనె ఫిట్స్‌నీ క్యాన్సర్‌నీ నయం చేస్తుందని అమ్ముతున్నారు. మా చెల్లెలి కూతురికి ఫిట్స్, అత్తగారికి క్యాన్సర్. ఇద్దరికీ తెప్పించమంటారా?

ముందు పాప సంగతి. ఓషానసీ పసిపాప కేసు గుర్తుందా? దాని తర్వాత నూట నలభై ఏళ్ళకి, 1980లో, బ్రెజిల్‌లో ఎలిసాల్డో కార్లినీ బృందం మెకూలమ్‌తో కలిసి మందులకి లొంగని ఫిట్స్ ఉన్నవాళ్ళకి శుద్ధ సీబీడీ ఇచ్చింది. తీసుకున్న 8 మందిలో నలుగురికి ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి, ముగ్గురికి కొంత తగ్గాయి. చిన్న అధ్యయనమే, అయినా వెంటనే పెద్దది చేయవలసింది. ముప్ఫై ఏళ్ళకు పైగా దాదాపు ఎవరూ చేయలేదు. ఆ ముప్ఫై ఏళ్ళలో ఫిట్స్‌తో పోయిన పిల్లల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

దాన్ని కదిలించింది కొలరాడోలో షార్లెట్ ఫీగీ అనే పాప. డ్రావె సిండ్రోమ్ అనే, పసితనంలోనే మొదలయ్యే అరుదైన ఫిట్స్ జబ్బు, వారానికి మూడు వందల ఫిట్స్. సీబీడీ ఎక్కువున్న నూనెతో బాగా తగ్గాయని 2013లో టీవీలో ప్రపంచమంతా చూసింది. అప్పుడు గాని పెద్ద పరీక్ష జరగలేదు. 2017లో ఓరిన్ డెవిన్‌స్కీ బృందం డ్రావె ఉన్న 120 మంది పిల్లలూ యువకుల మీద చేసింది. నెలకి సగటున 12.4 ఉన్న ఫిట్స్ 5.9కి దిగాయి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 14.9 నుంచి 14.1కే. 2018లో ఎపిడియోలెక్స్ పేరుతో అమెరికా అనుమతించింది. ఆగకుండా పూర్తిగా చదవండి: నయం కాదు, తగ్గుదల. కొన్ని అరుదైన ఫిట్స్ జబ్బులకే అనుమతి. నిద్రమత్తు, విరేచనాలు, లివర్ ఎంజైములు పెరగడం ఉన్నాయి, క్లోబజామ్ లాంటి ఫిట్స్ మందులతో కలిస్తే వాటి ప్రభావం పెరుగుతుంది. అందుకే న్యూరాలజిస్టుని అడగండి, మీరు తెప్పించొద్దు. సీసా మీద రాసినంత సీబీడీ లోపల ఉంటుందన్న నమ్మకం కూడా లేదు.

అత్తగారికి మాత్రం నయం చేస్తుందన్న మాట నమ్మకండి. ల్యాబ్ గిన్నెలో క్యాన్సర్ కణాలు చచ్చినంత మాత్రాన మనిషిలో తగ్గినట్టు కాదు. మాడ్రిడ్‌కి చెందిన మాన్యుయెల్ గుజ్మన్ బృందం 2006లో మెదడు కణితి ఉన్న 9 మందికి నేరుగా కణితిలోకే టీహెచ్‌సీ ఎక్కించి చూసింది. ఇవ్వడం వల్ల ప్రమాదమేమీ కనిపించలేదు, జబ్బు నయమూ కాలేదు. వాంతులు, ఆకలి, నొప్పి ఉంటే వాటి గురించి ఆంకాలజిస్టుతో విడిగా మాట్లాడండి, వాటికి మంచి మందులున్నాయి. నూనె అమ్మేవాడి మాట విని కీమో మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: మీ వ్యాసం చదివి నాకు ఏడుపొచ్చింది. మా వాడు పదహారేళ్ళకి అలవాటు పడ్డాడు, ఇప్పుడు ఇరవై. రోజూ తాగుతాడు. గోడల్లోంచి ఎవరో మాట్లాడుతున్నారంటాడు. మీరేమో మందు అంటున్నారు.

అమ్మా, మీ కోపం న్యాయమే. పోయిన నెల ఈ వైపు రాయకపోవడం నా తప్పు. ఈ చరిత్రలో ఇంకో ఇద్దరి పేర్లు కూడా సమానంగా చెప్పుకోవాలి. స్వీడన్‌లో స్వెన్ ఆండ్రియాసన్ 45,000 మందికి పైగా సైన్యంలో చేరిన కుర్రాళ్ళని పదిహేనేళ్ళు గమనించి 1987లో రాశాడు, యాభైసార్లకి మించి వాడినవాళ్ళకి స్కిజోఫ్రీనియా ముప్పు ఆరు రెట్లని. లండన్‌లో మార్టా డి ఫోర్టీ బృందం 2019లో యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ కలిపి 11 చోట్ల చూసింది. టీహెచ్‌సీ బలంగా ఉన్న రకాన్ని రోజూ తాగేవాళ్ళకి సైకోసిస్, అంటే లేని మాటలు వినిపించి నిజానికీ భ్రమకీ తేడా తెలియని స్థితి, వచ్చే అవకాశం అసలు వాడనివాళ్ళకన్నా దాదాపు అయిదు రెట్లు. వాడిన ప్రతివాళ్ళకీ వస్తుందని కాదు, కానీ చిన్న వయసు, రోజూ తాగడం, బలమైన సరుకు మూడూ కలిసినచోట ముప్పు పెరుగుతుంది, మీ అబ్బాయికి ఈ మూడింటిలో రెండు ఖాయంగా ఉన్నాయి.

మాటలు వినిపిస్తున్నాయంటే ఈ వారంలోనే సైకియాట్రిస్టుకి చూపించండి, మొదటిసారి వచ్చినప్పుడు ఎంత త్వరగా వైద్యం మొదలైతే కోలుకోవడం అంత తేలిక. వాడితో వాదించకండి, మాటలు అబద్ధమని నిరూపించే ప్రయత్నం చేయకండి, నీకు భయంగా ఉంది కదా, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను అనండి. తనకి తాను హాని చేసుకుంటాననో, మీ మీదికి వస్తాననో అంటే వారం ఆగొద్దు, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఎప్పుడు మొదలుపెట్టాడు, రోజుకి ఎంత, ఎలాంటిది, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు అనేవి కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, పరువు పోతుందని ఏదీ దాచకండి, మందు ఎంత ఇవ్వాలో డాక్టరు దాన్ని బట్టే చూసుకుంటారు. చూపించాక నాకు మళ్ళీ రాయండి, పత్రికలో వేయను, మీకే జవాబిస్తాను.